స్వయంసిద్ధం అంటే దానంతటదే రెడీ అయిపోవడమా?

మా అన్నయ్య కూతురు మొన్న లెక్కల హోంవర్క్ చేస్తూ చేస్తూ తలెత్తి "అత్తా, స్వయంసిద్ధం అంటే దానంతటదే రెడీ అయిపోవడమా?" అంది. పకపకా నవ్వాను. కాదే, నిరూపించక్కర్లేని నిజం అన్నమాట, అని పెద్ద తెలిసినదానిలా చెప్పేసి నా పనిలో పడ్డా. పడ్డానేగానీ పని సాగలేదు, ఎందుకంటే పిల్ల అన్నదాంట్లో తప్పేముంది? అంతా సిద్ధం అంటే రెడీ, ప్రయాణానికి సిద్ధం అంటే రెడీ, దేనికైనా సిద్ధం అని సవాలు చేసినా రెడీయే, మరి స్వయంసిద్ధం దగ్గరకొచ్చేసరికి మాత్రం ఆ అర్థం ఎటుపోయింది?

తమాషా ఏంటంటే ఆ పూట నేను కుస్తీ పడుతున్నదీ ఆ మాటతోనే. పిల్లల చరిత్ర పుస్తకం ఒకటి తెలుగు చేస్తున్నా, అందులో 1776 నాటి అమెరికా స్వాతంత్ర్య ప్రకటనలో ఉండే ఆ పేరుమోసిన వాక్యం వచ్చింది, మనుషులంతా పుట్టుకతో సమానులే, ఈ సత్యాలు ఫలానా అని మేము అనుకుంటున్నాం, అనే వాక్యం. ఆ 'ఫలానా' దగ్గర ఆగిపోయా. స్వయంసిద్ధాలు అనాలా, స్వతస్సిద్ధాలు అనాలా, తేటతెల్లం అనాలా, అందరికీ తెలిసినవే అనాలా. ఒక్కోటి రాసి చూడ్డం, కొట్టేయడం. అలా కొట్టేస్తూ పోగేసుకున్న సంగతులే ఇక్కడ రాస్తున్నా, ఓపికుంటే చదవండి.

ముందు సిద్ధం సంగతి. సంస్కృతంలో సిద్ధం అంటే అయిపోయినది, నెరవేరినది, తేలిపోయినది అని. తెలుగులో అది రెడీ ఎలా అయిందంటారా, మనం వంట అయిపోయింది అంటే ఏంటి, రెడీ అనే కదా, ఆ దారిలోనే వచ్చింది. ఇక ఆ ధాతువు పిల్లలన్నీ మనింట్లోనే తిరుగుతున్నాయి, చుట్టాలని మనం గుర్తుపట్టట్లేదంతే. సాధన అంటే తేల్చడానికి చేసే పని, సాధ్యం అంటే తర్కంలో ఇంకా తేల్చాల్సిన విషయం (మామూలు మాటల్లో అయ్యే పని), సిద్ధం అంటే తేలిపోయింది, సిద్ధాంతం అంటే తేలాక మిగిలిన ఆఖరి మాట. పంచాంగం రాసేవాళ్ళని సిద్ధాంతిగారు అంటాం కదా, అది కూడా ఇక్కణ్ణుంచే, ఖగోళ గణితం గ్రంథాలకి సిద్ధాంతాలనే పేరు, సూర్యసిద్ధాంతంలాగా. ఇంకోటి చెప్తా, ఇది తెలిసినప్పుడు నాకు భలే నవ్వొచ్చింది, సంస్కృతంలో రాద్ధాంతం అన్నా సిద్ధాంతం అనే అర్థమట, అంటే వాదించి తేల్చిన నిర్ణయం. తెలుగులో మాత్రం "ఇంత చిన్నదానికి అంత రాద్ధాంతం ఎందుకు" అంటాం. తేల్చడం పోయి గొడవ మిగిలింది. మన వాదనలు ఎలా నడుస్తాయో ఆ ఒక్క మాట చెప్పేస్తుంది.

అంచేత స్వయంసిద్ధం అంటే మిగతావన్నీ సాధన చేసి, చెమటోడ్చి సిద్ధం అయితే ఇది మాత్రం ఎవరి సాయం లేకుండా తనకు తానే తేలిపోయింది అని. పిల్ల చెప్పింది అదే. దానంతటదే రెడీ. నేనే అనవసరంగా నవ్వా.

స్వతస్సిద్ధం అని ఇంకోటుంది, దీన్నీ దాన్నీ కలిపేస్తుంటారు. స్వతః, సిద్ధం కలిస్తే స్వతస్సిద్ధం, నిఘంటువు పట్టుకుని కూర్చుంటే రెండూ ఇంచుమించు ఒకటే. కానీ వాడకంలో తెలుగువాళ్ళు విడగొట్టేశారు. "ఆ గొంతు ఆమెకి స్వతస్సిద్ధంగా వచ్చింది" అంటే ఎవరూ నేర్పలేదు, పుట్టుకతో ఉంది అని. "అతని స్వతస్సిద్ధమైన బద్ధకం" అని కూడా అనొచ్చు, నా గురించి అన్నారు కూడా. అక్కడ స్వయంసిద్ధం పెట్టి చూడండి, "ఆ గొంతు ఆమెకి స్వయంసిద్ధంగా వచ్చింది", ఎక్కడో రాయి తగిలినట్టుంటుంది. నా లెక్క ప్రకారం స్వతస్సిద్ధం మనుషుల గుణాలకి, స్వయంసిద్ధం మాటలకి, సత్యాలకి. ఇదేమీ వ్యాకరణం రూల్ కాదు, చెవి చెప్పే రూల్. ఇక ఆన్‌లైన్‌లో అయితే స్వతసిద్ధం, స్వయం సిద్దం, స్వయంసిధ్ధం ఇలా నానా రకాలుగా కనిపిస్తాయి, ద కింద ధ వత్తు అన్నది టైప్ చెయ్యడానికి కొంచెం మొండి ఘటమే, ఒప్పుకుంటా.

సరే, స్వయంసిద్ధం అన్నది పుస్తకాల మాట, ఎవరూ పొద్దున్న లేచి స్వయంసిద్ధం అనరు. మరి రోజూ మాట్లాడుకునేటప్పుడు ఆ పని ఏ మాట చేస్తుంది అని ఆలోచిస్తే ముందు తట్టింది న్యూస్ పేపర్ తెలుగు. "ఆయన గత నెలలో రాజీనామా చేసిన సంగతి తెలిసిందే." గమనించారా ఎప్పుడైనా? నాకు తెలీదు బాబూ ఆ సంగతి! నువ్వు చెప్తేనే తెలిసింది! అయినా వాక్యం చివర 'తెలిసిందే' అని ఒక సీలు. పాత పత్రికల్లో అయితే 'పాఠకులకు విదితమే' అని ఇంకాస్త మర్యాదగా. ఆ రాసేవాళ్ళ ఇబ్బంది నాకర్థమవుతుంది, తెలిసినవాళ్ళకి మళ్ళీ చెప్పినట్టు ఉండకూడదు, తెలియనివాళ్ళకి చెప్పకపోతే కుదరదు, మధ్యేమార్గంగా ఆ 'తెలిసిందే'. పాపం అదొక గుమస్తా మాట. దాని అన్నయ్య ఇంకొకడున్నాడు, 'అన్నది నిర్వివాదాంశం'. వీడు మాత్రం గుమస్తా కాదు, వస్తాదు. ఎక్కడ వివాదం బాగా ఉందో సరిగ్గా అక్కడే దిగుతాడు. ఫలానా నటుడే అందరికంటే గొప్పవాడన్నది నిర్వివాదాంశం అని రాస్తే చాలు, కింద నాలుగొందల కామెంట్లు. ఎవరూ కొట్టుకోని విషయానికి, అంటే నీళ్ళు పల్లానికి పోతాయన్నది నిర్వివాదాంశం అని ఎవరైనా రాస్తారా? రాయరు.

ఇంకా చిన్నది, ఇంకా డేంజరస్ అయినది 'కదా'. రెండక్షరాలు. "వాడు ఎలాగూ రాడు కదా" అంటే చాలు, వాడు రాడన్నది అప్పటికే తేలిపోయినట్టు, వినేవాళ్ళు కూడా ఒప్పేసుకున్నట్టు. వాదన అంటూ ఏమీ జరగలేదు, అయినా అయిపోయింది. స్వయంసిద్ధం అని అంత పెద్ద మాట వాడినవాణ్ణి ఎలా సిద్ధం అని నిలదీయొచ్చు, కదా అన్నవాణ్ణి నిలదీస్తే మనమే రాద్ధాంతం చేసినట్టవుతుంది.

జగమెరిగిన సత్యం వేరు, అదీ ఇక్కడే చెప్పేస్తా. జగమెరిగిన బ్రాహ్మడికి జంధ్యమేల అన్న సామెతలో లాజిక్ ఏంటంటే ఆయన్ని అందరూ ఎరుగుదురు కాబట్టి గుర్తు అక్కర్లేదు. అది పాపులారిటీ. ఎరగనివాడు ఒకడొస్తే జంధ్యం చూపించాల్సిందే. స్వయంసిద్ధానికి అలా పదిమంది ఎరగాల్సిన పనిలేదు, మాట అర్థమైతే చాలు నిజమని కూడా అందులోనే తెలిసిపోవాలి. ఆ లెక్కన కరతలామలకం దీనికి కాస్త దగ్గర, అరచేతిలో ఉసిరికాయ, చూస్తే చాలు. నగ్నసత్యం అయితే పూర్తిగా వేరే బాపతు, అది తేలిగ్గా తెలిసే నిజం కాదు, తెలిసినా మనం గుడ్డ కప్పి దాచే నిజం. ఈ మూడింటినీ ఒకదాని బదులు ఒకటి వాడేస్తుంటారు, ఉపన్యాసాల్లో మరీను.

చూస్తే చాలు అన్నా కదా, అక్కడే ఉంది అసలు తిరకాసు. భూమి కదలట్లేదన్నది చూస్తే చాలు తెలిసే విషయమే! కాళ్ళ కింద ఉంది, ఊగట్లేదు, సూర్యుడే తూర్పున పొడిచి పడమట గుంకుతున్నాడు, ఇంకేం కావాలి? 499లో ఆర్యభటుడు వచ్చి, అది కాదు, భూమే తిరుగుతోంది అన్నాడు, పడవలో ముందుకి పోయేవాడికి ఒడ్డున కదలనివి వెనక్కి పోతున్నట్టు ఎలా కనిపిస్తాయో నక్షత్రాలు పడమటికి పోవడమూ అలాంటిదే అని. తర్వాత 628లో బ్రహ్మగుప్తుడు, ఆయనేం తక్కువవాడు కాదు, సున్నాతో లెక్కలకి నియమాలు రాసినవాడు, భూమి తిరిగితే ఎత్తుగా ఉన్నవన్నీ పడిపోవాలిగా అని అడ్డం తిరిగాడు. ఆ ప్రశ్న చూస్తే నాకు బ్రహ్మగుప్తుడి మీద జాలే వేస్తుంది, వెటకారం రాదు, ఎందుకంటే నాకు స్కూల్లో చెప్పకపోయుంటే నేనూ అదే అడిగేదాన్ని. కళ్ళకి స్వయంసిద్ధం అనిపించడం ఒకటి, అది నిజం అవ్వడం ఒకటి.

దీని మీద మన దర్శనాలవాళ్ళు శతాబ్దాల తరబడి కొట్టుకున్నారు, అదీ మంచి కొట్లాట. మీమాంసకులు, అంటే వేదవాక్యాల అర్థం తేల్చే దర్శనంవాళ్ళు, స్వతఃప్రామాణ్యం అన్నారు, అంటే ఒక జ్ఞానం కలిగిందంటే అది నిజమనే నమ్మకం దాంతోనే వస్తుంది, తప్పని తేలేదాకా నమ్మాల్సిందే, లేకపోతే ప్రతిదానికీ రుజువు, ఆ రుజువుకి ఇంకో రుజువు, ఇలా పోతే అంతెక్కడ? ఆ అంతులేని వెనకడుగుకి అనవస్థ అని పేరు పెట్టారు. (మామూలు తెలుగులో అవస్థ అంటే సరిపోతుంది నన్నడిగితే.) నైయాయికులు, అంటే తర్కం పట్టుకున్న న్యాయదర్శనంవాళ్ళు, ఒప్పుకోలేదు, నిజమో కాదో బయట నుంచి తేలాలి అన్నారు, దూరంగా నీళ్ళు కనిపించాయి, వెళ్ళి తాగు, దాహం తీరితే నీళ్ళు, తీరకపోతే ఎండమావి. నా మనసు రోజుకో పక్షం తీసుకుంటుంది. ఇదంతా ప్రమాణం అనే మాట చుట్టూ తిరిగే వాదన, ప్రమాణం అంటే నిజం తెలుసుకునే సాధనం. తెలుగులో ప్రమాణం అంటే ఒట్టు! ప్రమాణం లేనప్పుడు చెయ్యి నెత్తిమీద పెట్టి ప్రమాణం చేస్తాం.

ఇప్పుడు లెక్కల దగ్గరికి. గ్రీకులు కూడా ఈ అనవస్థలోనే పడ్డారు, పడి దానికి ఒక గోడ కట్టారు. ఎందుకు ఎందుకు అని వెనక్కి పోతుంటే ఎక్కడో ఒకచోట ఆగాలి, ఆ ఆగిన చోటు ముందే కాగితం మీద రాసి పెట్టేస్తే గొడవుండదు. క్రీస్తుపూర్వం 300 ప్రాంతంలో యూక్లిడ్ చేసిందదే, మొత్తం జ్యామితికి మొదట ఐదు ప్రతిపాదనలు, ఐదు సామాన్య భావనలు పెట్టాడు. ఒకదానికే సమానమైనవి ఒకదానికొకటి సమానం, మొత్తం తన భాగం కంటే పెద్దది, అలాంటివి. ఈ జాతి మాటకి గ్రీకులో ఆక్సియోమా అని పేరు, దాని మూలం ఆక్సియోస్, అంటే యోగ్యమైనది, తగినది. చూడండి, అందులో స్వయం లేదు, సిద్ధం లేదు. ఒప్పుకోడానికి తగినది, అంతే. తగినది అనాలంటే తగునా తగదా అని చూసే మనిషి ఒకడుండాలి కదా. (కదా అన్నాను, చూశారా.)

యూక్లిడ్ ఐదింట్లో మొదటి నాలుగూ చిన్నవి, రెండు బిందువుల మధ్య గీత గీయొచ్చు, లంబకోణాలన్నీ సమానం, ఇలా. ఐదోది మాత్రం చాంతాడంత. ఒక గీత రెండు గీతల్ని దాటుతూ ఒకవైపు చేసే లోపలి కోణాలు రెండూ కలిపి రెండు లంబకోణాల కంటే తక్కువైతే, ఆ రెండు గీతల్నీ పొడిగిస్తూ పోతే ఆ వైపే కలుసుకుంటాయి. చదివితేనే ఆయాసం. ఇదేం స్వయంసిద్ధం అండీ, మూడుసార్లు బొమ్మ వేసుకుంటేగానీ అర్థం కాదు! యూక్లిడ్‌కీ ఇబ్బందిగానే ఉన్నట్టుంది, మొదటి 28 సిద్ధాంతాలూ దీన్ని ముట్టుకోకుండా లాక్కొచ్చి 29వ దాంట్లో గానీ బయటికి తియ్యలేదు. దీన్ని మిగతా నాలుగింటి నుంచి నిరూపించేద్దాం, స్వయంసిద్ధాల లిస్టులోంచి తీసేద్దాం అని రెండువేల ఏళ్ళ పైన తంటాలు పడ్డారు. టాలెమీ, ఇబ్న్ అల్ హైతమ్, కవిగా మనకి తెలిసిన ఉమర్ ఖయ్యాం, 1733లో సాకేరీ అనే ఇటలీ మతగురువు. హంగేరీలో ఫార్కష్ బోయాయ్ అనే లెక్కల మాస్టారు తన కొడుకు కూడా ఈ సమాంతర రేఖల జోలికి పోతున్నాడని తెలిసి, బాబూ నా బతుకు దీంట్లోనే తగలడింది నువ్వు వద్దురా అని బతిమాలుతూ ఉత్తరం రాశాడు. కొడుకు విన్నాడా, వింటే కొడుకెందుకవుతాడు. 1832లో యానోష్ బోయాయ్, అతనికి తెలియకుండానే అంతకు మూడేళ్ళ ముందు 1829లో రష్యాలో లొబచెవ్‌స్కీ, ఇద్దరూ ఒకటే చెప్పారు, ఆ ఐదోదాన్ని కాదన్నా జ్యామితి కూలిపోదు, ఇంకో జ్యామితి వస్తుంది. గౌస్‌కి (ఆ కాలపు మహా గణితవేత్త) ఇదంతా ముందే తెలుసు, జనం గోల చేస్తారని లోపల పెట్టుకుని కూర్చున్నాడు.

అసలు ఇంత దూరం పోనక్కర్లేదు, ఒక బంతి తీసుకోండి. పై కొన నుంచి, అంటే భూగోళమైతే ఉత్తర ధ్రువం నుంచి, నిలువుగా కిందికి భూమధ్యరేఖ దాకా ఒక గీత, దానికి లంబంగా అదే ధ్రువం నుంచి ఇంకో గీత, కింద భూమధ్యరేఖ వాటిని కలుపుతుంది. త్రిభుజం వచ్చింది. మూడు కోణాలూ 90 డిగ్రీలే, మొత్తం 270. త్రిభుజంలో కోణాలు కలిపితే 180 అన్నది స్కూల్లో ఎంత గట్టిగా నూరిపోశారో గుర్తుందా? అది బల్లపరుపు కాగితం మీద నిజం. కాగితం బల్లపరుపుగా ఉందని మాత్రం ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే అది... తెలిసిందే.

నన్ను ఇంకా కుదిపేసింది వేరే ఉంది. యూక్లిడ్ పుస్తకంలో మొట్టమొదటి సిద్ధాంతం, సమబాహు త్రిభుజం గీయడం, ఒక గీత తీసుకుని రెండు కొసల దగ్గరా రెండు వృత్తాలు గీస్తే అవి ఖండించుకున్న చోటే మూడో మూల. మనమంతా వృత్తలేఖినితో చేసిందే. అయితే ఆ రెండు వృత్తాలు ఖండించుకుంటాయని ఎవరు చెప్పారు? ఆయన రాసుకున్న పదింట్లో ఎక్కడా లేదు! బొమ్మలో కనిపిస్తోంది, అందుకని రాయాలని తోచలేదు. ఐదు ప్రతిపాదనలు గుమ్మంలో నిలబెట్టి పేర్లు రాసుకుని లోపలికి పంపిన మనిషి, ఆరోది పక్కనుంచి దూరిపోతే చూసుకోలేదు. అంత జాగ్రత్త మనిషికే అలా అయితే, నోరు తెరిస్తే నాలుగు కదాలు పడే నాలాంటిదాని సంగతేంటి? నిజంగా స్వయంసిద్ధం అనుకున్నదాన్ని మనం స్వయంసిద్ధం అని కూడా అనం, అసలు దాన్ని అనం, అది కాగితం వెనకాల ఉంటుంది.

1899లో హిల్బర్ట్ అనే జర్మన్ గణితవేత్త ఈ కన్నాలన్నీ పూడ్చి జ్యామితి మొత్తం మళ్ళీ రాశాడు. అంతకు కొన్నేళ్ళ ముందే ఒక మాట అన్నాడని చెప్తారు, బిందువు, రేఖ, తలం అన్న మాటల బదులు బల్లలు, కుర్చీలు, బీరు గ్లాసులు అని పెట్టినా ఈ జ్యామితి నడవాలి. అంటే బిందువంటే ఏంటో నీ కళ్ళకి కనిపించక్కర్లేదు, ఒప్పుకున్న నియమాలు పాటిస్తే చాలు. అక్కడితో స్వయంసిద్ధం లోంచి స్వయం ఎగిరిపోయింది.

మా పిల్ల పుస్తకం తిరగేస్తే ఇక్కడ నాకొక సర్‌ప్రైజ్. ఆ పాఠంలో స్వయంసిద్ధం అన్నది వివరణలో ఎక్కడో ఒకచోట వచ్చింది, అసలు పేరు మాత్రం స్వీకృతం. స్వీకృతాలు. అంటే స్వీకరించినవి, ఒప్పుకున్నవి. చిన్నప్పుడు నేనూ చదివా, స్వీకృతం స్వీకృతం అని బట్టీ పట్టా, ఆ మాటలో ఎంత నిజాయితీ ఉందో ఇన్నేళ్ళకి తెలిసింది. స్వయంసిద్ధం అంటే ఇది దానంతటదే నిజం, నువ్వెవడివి అడగడానికి అన్నట్టుంటుంది. స్వీకృతం అంటే మేం దీన్ని ఒప్పుకుని ఆట మొదలెడుతున్నాం, ఇష్టమైతే రా. ఆ మాట ఎవరు పెట్టారోగానీ దణ్ణం పెట్టాలి. నాకు ఈ తేడా స్వయం అన్న మాటలోనే ఉందనిపిస్తుంది, స్వయంభువు అన్నప్పుడు స్వయం ఆ వెలిసినదానిది, ఎవరూ చెక్కలేదు, ఎవరూ ప్రతిష్ఠించలేదు. స్వయంవరం అన్నప్పుడు స్వయం దండ పట్టుకున్నామెది. యూక్లిడ్ కాలంలో ఇవి స్వయంభువులు, హిల్బర్ట్ దగ్గరికొచ్చేసరికి స్వయంవరం. సభలో ఎంతమంది వరులున్నా దండ ఒకరికే పడుతుంది, కానీ వేరేవాళ్ళకి వేసుండొచ్చు అన్నది మాత్రం ఎప్పటికీ నిజమే.

మొత్తం తన భాగం కంటే పెద్దది అన్నా కదా, పోనీ అదైనా నిలిచిందా అంటే అదీ లేదు. 1, 2, 3 అని అంకెలన్నీ ఒక వరసలో రాసి, వాటి కింద 1, 4, 9 అని వర్గాలు రాయండి. ప్రతి అంకెకీ కింద ఒక వర్గం ఉంది, ప్రతి వర్గానికీ పైన ఒక అంకె ఉంది, మిగిలిపోయింది లేదు. మరి వర్గాలు అంకెల్లో ఒక భాగమేగా, అటు చూస్తే తక్కువుండాలి, ఇటు చూస్తే సమానం. 1638లోనే గెలీలియో ఇది పట్టుకుని, అనంతాల దగ్గర ఎక్కువ తక్కువ అన్న మాటలు పనికిరావని వదిలేశాడు, 19వ శతాబ్దంలో కాంటర్ అనే గణితవేత్త వచ్చి వదలకుండా దాన్నే లెక్క చేశాడు. పూర్ణంలోంచి పూర్ణం తీసేసినా పూర్ణమే మిగులుతుందనే శాంతిమంత్రం ఉంది కదా మనకి అని ఇప్పుడు ఎవరో ఒకరు అంటారు. ఉంది. అందమైన మాట. కానీ దాన్ని తెచ్చి కాంటర్ సిద్ధాంతం పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టడం నాకు ఇష్టం ఉండదు, అది చెప్పేది వేరే సంగతి.

రెండు రెళ్ళు నాలుగు సంగతేంటి అంటారా, ఇంతకంటే స్వయంసిద్ధం ఉంటుందా అని. రస్సెల్, వైట్‌హెడ్ ఇద్దరూ కలిసి తర్కం పునాది మీద గణితం మొత్తం కడదామని కూర్చుంటే 1910లో వచ్చిన వాళ్ళ పుస్తకం మొదటి సంపుటం 379వ పేజీకి గానీ, దీన్నిబట్టి ముందు ముందు ఒకటీ ఒకటీ రెండని తేలుతుంది అనే మాట దగ్గరికి రాలేకపోయారు. వాళ్ళకి అనుమానం ఉందని కాదు. వెలుతురు ఉన్నచోట కూడా గోడ తడుముకుంటూ నడిచి చూడ్డం అది. నాకైతే ఓపిక లేదు గానీ తడిమినవాళ్ళంటే గౌరవం.

మళ్ళీ నా వాక్యం. ఆ ప్రకటన రాసిన జెఫర్సన్ మొదటి చిత్తుప్రతిలో ఈ సత్యాలు పవిత్రమైనవీ కాదనలేనివీ అని రాశాడు. అది కొట్టేసి స్వయంసిద్ధం అర్థం వచ్చే మాట పెట్టారు. ఆ చెయ్యి ప్రకటన కమిటీలోనే ఉన్న ఫ్రాంక్లిన్‌ది అని చాలామంది అంటారు, జెఫర్సనే మార్చుకున్నాడనేవాళ్ళూ ఉన్నారు. ఎవరిదైనా గానీ ఆ ఒక్క దిద్దుబాటుతో వాక్యం గుళ్ళోంచి లెక్కల క్లాసులోకి వచ్చి కూర్చుంది. మరి స్వయంసిద్ధమే అయితే, మనుషులంతా సమానమని అది రాసిన మనిషి బతుకు మొత్తంలో ఆరువందల మందికి పైగా బానిసల్ని ఎలా ఉంచుకున్నాడు? ఆ వాక్యంలోని మనుషులంతా అన్నదాంట్లో ఎవరు లేరో ఎవరూ రాయలేదు, అది కూడా వాళ్ళకి తెలిసిందే కాబట్టి. 1848లో న్యూయార్క్ రాష్ట్రంలోని సెనెకా ఫాల్స్‌లో ఆడవాళ్ళు అదే ప్రకటన తీసుకుని పురుషులు పక్కన స్త్రీలు అని ఒక్క మాట కలిపి మళ్ళీ చదివారు, అప్పుడు వినిపించింది అందరికీ, ఆ ఖాళీ. 1854లో అయితే పెటిట్ అనే సెనేటర్ సమానత్వం స్వయంసిద్ధ సత్యం కాదు, స్వయంసిద్ధ అబద్ధం అని అన్నాడు కూడా.

లింకన్ సంగతి చూడండి. ఆయన పెద్దయ్యాక యూక్లిడ్ మొదటి ఆరు పుస్తకాలు సొంతంగా కూర్చుని చదివాడు, ఆ విషయం తన గురించి తను రాసుకున్నదాంట్లో చెప్పుకున్నాడు. 1859లో రాసిన ఒక ఉత్తరంలో జెఫర్సన్ సూత్రాలే స్వేచ్ఛాసమాజానికి నిర్వచనాలు, స్వీకృతాలు అన్నాడు, అక్షరాలా జ్యామితి భాష. నాలుగేళ్ళకి, మధ్యలో అంతర్యుద్ధం వచ్చి పడ్డాక, 1863 నవంబరు 19న గెటిస్‌బర్గ్‌లో సమాధుల మధ్య నిలబడి మాట్లాడినప్పుడు మనుషులంతా సమానం అన్నదాన్ని స్వయంసిద్ధం అనలేదు. యూక్లిడ్ పుస్తకంలో నిరూపించాల్సిన వాక్యాలకి ఏ మాట వాడతారో ఆ మాట, ఇంగ్లీషులో ప్రపోజిషన్, వాడాడు. సిద్ధం కాదు, సాధ్యం. తేలిపోయింది కాదు, తేల్చాల్సి ఉంది. కావాలనే మార్చాడో లేదో ఆయన మనసులోకి వెళ్ళి చూసినవాళ్ళు లేరు గానీ, ఆరు పుస్తకాలు చదివిన మనిషికి ఆ రెండు మాటల తేడా తెలీదంటే నేను నమ్మను.

ఇక్కడికొచ్చాక నాకు ఆ 1776 వాక్యంలో ఇన్నిసార్లు చదివినా కనపడని ముక్క కనపడింది. ఈ సత్యాలు స్వయంసిద్ధాలని 'మేము' అనుకుంటున్నాం. మేము ఎందుకు? స్వయంసిద్ధమైతే ఎవరూ ఏమీ అనుకోనక్కర్లేదు! నీళ్ళు పల్లానికి పోతాయని మేము తీర్మానిస్తున్నాం అని ఎవరైనా అంటారా? అంటే రాసినవాళ్ళకే ఎక్కడో తెలుసు, ఇది స్వయంభువు కాదు, దండ తమ చేతిలో ఉందని. ఆ వాక్యం సగం స్వయంసిద్ధం, సగం స్వీకృతం. తెలుగులో నాకు ఆ రెండు మాటలూ చేతిలో రెడీగా ఉన్నాయి, ఇంకేం ఆలోచన, రాసేశా: "మనుషులంతా పుట్టుకతో సమానులనే ఈ సత్యాలు స్వయంసిద్ధాలని మేము స్వీకరిస్తున్నాం."

రాసి మా పిల్లకి చదివి వినిపించా. "దానంతటదే రెడీ అయితే మళ్ళీ మనం తీసుకోవడం ఏంటి అత్తా" అంది. అదేనే, అదే పాయింటు, అన్నా గానీ అప్పటికే తను కంపాస్ బాక్స్ సర్దేసుకుంటోంది.

పుస్తకం ఎడిటర్‌గారికి పంపా. ఆవిడ చాలా మంచావిడ, తెలుగు నాకంటే బాగా వచ్చు. రెండో రోజు ఫైల్ తిరిగొచ్చింది, ఆ వాక్యం దగ్గర ఎర్రగా ఒకే ఒక్క దిద్దుబాటు, 'స్వీకరిస్తున్నాం' కొట్టేసి 'నమ్ముతున్నాం' అని ఉంది, పక్కన చిన్న నోట్, స్వయంసిద్ధాన్ని ఎవరూ స్వీకరించరు కదండీ, అని. రేపు ఫోన్ చేసి మాట్లాడాలి.